పది గోల్స్ పడ్డా తీసేయని కోచ్: అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకు బహిరంగ లేఖ

అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షులు కల్యాణ్ చౌబే గారికి, సాంకేతిక కమిటీ చైర్మన్ ఐ.ఎం. విజయన్ గారికి, కార్యవర్గ సభ్యులందరికీ,

నమస్కారం.

నేను సికింద్రాబాద్ పక్కన ఒక సర్కారు బడిలో పీఈటీని. ఇరవై ఏడేళ్ల సర్వీసు. పొద్దున ఐదున్నరకల్లా గ్రౌండ్‌కి చేరడం, వాన పడి ఉంటే గోల్‌పోస్టు ముందు నిలిచిన నీళ్లు తోడెయ్యడం, నలభై మంది పిల్లలతో ప్రాక్టీస్ చేయించి బడి గంట కొట్టేలోపు వాళ్లను ప్రార్థన లైన్లో నిలబెట్టడం, ఇదే నా బతుకు. నా దగ్గర ఆడినవాళ్లలో ఇప్పటిదాకా ఎవరూ ఇండియా జెర్సీ వేసుకోలేదు. కాబట్టి మీకు సలహా చెప్పేంత పేరున్నవాణ్ణి కాను. కానీ ఇండియా ఆడిన మ్యాచ్ ఒక్కటి కూడా వదలను. పెద్ద జట్టుకు ఎవరు కోచ్‌గా వస్తారో, ఎన్నాళ్లు ఉంటారో, దాన్నిబట్టే నా గ్రౌండ్‌లో పిల్లలు ఏ ఆట నేర్చుకోవాలన్నది తేలుతుందని గట్టిగా నమ్ముతాను. అందుకే ఈ ఉత్తరం.

ఈ 2025 జులై మొదట్లో మనోలో మార్కెజ్ గారు ఇండియా కోచ్ పదవి నుంచి తప్పుకున్నారు. మీరు ప్రకటన ఇచ్చారు. 170 దరఖాస్తులు వచ్చాయి. వడపోసి మీ సాంకేతిక కమిటీ మూడు పేర్లు మిగిల్చింది: ఖాలిద్ జమీల్, స్టీఫెన్ కాన్‌స్టంటైన్, స్టెఫాన్ టార్కోవిచ్. మధ్యలో స్పెయిన్ నుంచి ఒకప్పటి బార్సిలోనా ఆటగాడు, కోచ్ జావీ కూడా దరఖాస్తు పెట్టాడని గుప్పుమంది. ఆ ఈమెయిల్ నిజమైనది కాదని చివరికి మీరే ప్రకటించారు. అప్పటిదాకా ఎక్కడ చూసినా అదే మాట. నాకు బాధేసింది. వచ్చే మనిషి పేరెంత పెద్దదని అందరూ మాట్లాడుకున్నారు. వచ్చాక ఆయనకు మనం ఏమిస్తాం, ఎన్నాళ్లు ఉంచుకుంటాం అని ఎవరూ అడగలేదు. నేను అడగాలనుకున్నది ఆ రెండో సంగతే.

నిరుడు సెప్టెంబరు 3 నాటి రాత్రి గురించి ముందు చెప్పాలి. గచ్చిబౌలి స్టేడియంలో ఇంటర్‌కాంటినెంటల్ కప్, ఇండియాకు మారిషస్‌తో మ్యాచ్. ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు ఊళ్లను ముంచిన వారం అది. ఆకాశం ఇంకా తెరిపివ్వలేదు. అయినా పిల్లలు బతిమాలితే పన్నెండు మందిని వెంటేసుకుని సిటీ బస్సులో వెళ్లాను. ఇండియాను కళ్లారా చూడటం వాళ్లకు అదే మొదటిసారి. మార్కెజ్ గారికి కోచ్‌గా అది మొదటి మ్యాచ్. మారిషస్ ర్యాంకుల్లో మనకన్నా యాభై మెట్లు కిందున్న జట్టు. తొంభై నిమిషాలు ఆడాం, ఒక్క గోల్ కొట్టలేకపోయాం. 0-0. నా పక్కన కూర్చున్న పిల్లాడు, ఎనిమిదో తరగతి, మైదానంలో మనవాళ్లను వేలితో ఒక్కొక్కరినీ చూపిస్తూ లెక్కపెట్టి, "సార్, మరి గోల్ కొట్టేదెవరు?" అని అడిగాడు. వాడి గొంతులో వెక్కిరింత లేదు, నిజంగా తెలియక అడిగాడు. ఏళ్ల తరబడి ఇండియాకు గోల్స్ కొట్టిన సునీల్ ఛెత్రి అప్పటికి మూడు నెలల కిందట కోల్‌కతాలో వీడ్కోలు చెప్పి వెళ్లిపోయాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత అదే స్టేడియంలో సిరియా చేతిలో 0-3. నవంబరు 18న మలేసియాతో 1-1. 2024 మొత్తం మీద ఇండియా పదకొండు మ్యాచ్‌లు ఆడి ఒక్కటీ గెలవలేదు. మార్కెజ్ గారి హయాంలో ఎనిమిది మ్యాచ్‌లు, ఒకే గెలుపు, అదీ ఈ మార్చిలో షిల్లాంగ్‌లో మాల్దీవుల మీద. ఆ గెలుపు కోసం కూడా నలభై ఏళ్ల ఛెత్రిని మళ్లీ జట్టులోకి పిలిపించుకోవాల్సి వచ్చింది. జూన్ 10న హాంకాంగ్‌లో ఆఖరి నిమిషాల్లో పెనాల్టీ ఇచ్చుకుని ఓడిపోయాం. 2023 జులైలో 99లో ఉన్న మన ర్యాంకు ఈ జులైలో 133.

ఇంత జరిగాక తప్పంతా ఆ కోచ్‌దేనని అనెయ్యడం సులువు. హైదరాబాద్ వాణ్ణి, నా నోటెంట ఆ మాట రాదు. 2022 మార్చి 20న ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి హైదరాబాద్ ఎఫ్‌సీ దేశంలో పెద్ద క్లబ్ లీగ్ అయిన ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు ఎత్తినప్పుడు బెంచ్ మీదున్నది ఆయనే. ఆకాశ్ మిశ్రా లాంటి కుర్రాళ్లను నమ్మి ఆడించి, ఇండియా జట్టు దాకా తీసుకుపోయిందీ ఆయనే. ఈ ఏడాది మేలో ఎఫ్‌సీ గోవాకు సూపర్ కప్ గెలిపించిందీ ఆయనే. అంత పని తెలిసిన మనిషి ఇండియా జట్టు దగ్గరికొచ్చేసరికి ఎందుకు తేలిపోయాడు? ఎందుకంటే మనం ఆయన్ని రెండు పడవల మీద కాళ్లు పెట్టించి నడిరేవులో నిలబెట్టాం. సీజనంతా గోవాలో క్లబ్ పని. మధ్యలో దేశాల మ్యాచ్‌ల కోసం వారం పది రోజులు విండో దొరికితే దేశం పని. అలా ఒప్పుకుని రావడం ఆయన పొరపాటు కావచ్చు, కానీ అలా రమ్మని పిలిచింది మీరు. దేశం జట్టును ఒకరి తీరిక వేళల్లో చూసుకునే పనిగా మార్చిన నిర్ణయం మీది. కోపంతో అంటున్న మాట కాదిది. ఈసారి అలా చెయ్యకండని అడుగుతున్నాను.

నిరుడు డిసెంబరు 31న అదే గచ్చిబౌలిలో రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగింది. బెంగాల్, కేరళ. పూర్తి సమయం దాటాక, ఇంజురీ టైమ్‌లో, రాబి హాన్స్‌దా అనే బెంగాల్ కుర్రాడు గోల్ కొట్టి కప్పు పట్టుకుపోయాడు. పల్లెటూరి నుంచి, ఏమీ లేని ఇంట్లోంచి వచ్చిన ఆదివాసీ పిల్లాడు. ఆ టోర్నీ మొత్తంలో అందరికన్నా ఎక్కువ గోల్స్ వాడివే. పెనాల్టీ బాక్స్‌లో బాల్ ఎక్కడ పడుతుందో ముందే పసిగట్టే కాళ్లు వాడివి. మా పిల్లాడు అడిగిన ప్రశ్నకు జవాబు వాడేనని నేను అనను, అంత తొందరగా తేలే సంగతి కాదు. కానీ అలాంటి కుర్రాణ్ణి కుదురుగా కూర్చుని చూడ్డానికి, మర్నాడు ప్రాక్టీసుకు పిలిచి మళ్లీ చూడ్డానికి, జాతీయ కోచ్‌కు తీరిక ఉండాలా వద్దా? క్లబ్ సీజన్ నడిమధ్యలో ఉన్న మనిషికి ఆ తీరిక ఎక్కణ్ణుంచి వస్తుంది?

విజయన్ గారూ, ఈ మాట మీకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. త్రిసూర్ స్టేడియంలో సోడాలు అమ్మిన పిల్లాణ్ణి ఎవరో ఒకరు ఆగి చూశారు. కేరళ పోలీసు జట్టులోకి తీసుకున్నారు. ఆ చూసిన కళ్ల వల్లే ఇవాళ మీరు ఆ కుర్చీలో కూర్చుని కోచ్‌ను ఎంచుతున్నారు.

నా దగ్గర ఒక పిల్లాడుండేవాడు. లెఫ్ట్ బ్యాక్. బాల్ రాకముందే తల తిప్పి వెనకెవరున్నారో చూసుకునే అలవాటుంది వాడికి, ఆ వయసులో అది చాలా అరుదు. రెండేళ్ల కిందట ఒక సెలక్షన్ ట్రయల్స్‌కి తీసుకెళ్లాను. మూడు వందల మంది పిల్లలు. ఒక్కో బ్యాచ్‌కు పదిహేను నిమిషాలు. అందులో మావాడి కాలికి బాల్ నాలుగుసార్లే తగిలింది. గీత పక్కన కుర్చీలో ఉన్నాయన ఆ నాలుగుసార్లలో రెండుసార్లు ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. తిరుగు బస్సులో వాడు బూట్లు విప్పి ఒళ్లో పెట్టుకుని, స్టడ్స్ మధ్య ఇరుక్కున్న మట్టిని గోరుతో తీస్తూ కూర్చున్నాడు. ఇల్లు చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడు ఇంటింటికీ పార్శిళ్లు వేస్తున్నాడు. ఆ ట్రయల్స్ పెట్టింది మీరు కాదు. కానీ పై నుంచి కింద దాకా మన ఆటకు పట్టిన జబ్బు ఇదే, కళ్లు పెట్టి చూసేవాళ్లు లేకపోవడం.

ఇక ఒకప్పటి ఇండియా కోచ్, మా హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ గురించి. హైదరాబాద్ నుంచి ఫుట్‌బాల్ కోచ్ గురించి ఎవరు రాసినా ఆయన పేరెత్తకుండా రాయలేరు. కానీ ఆయన గురించి అందరూ చెప్పే బంగారు పతకాల సంగతి తర్వాత చెబుతాను. ముందు ఓటమి సంగతి.

1952 జులై, హెల్సింకీ ఒలింపిక్స్. ఇండియాకు యుగోస్లావియాతో మ్యాచ్. మనవాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతోనే ఆడారు. స్కోరు 10-1. ఆ ఒక్క గోల్ అహ్మద్ ఖాన్ కొట్టింది. ఏడాది కిందట ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం తెచ్చిన కోచ్ ఆయన, ఇప్పుడు పది గోల్స్ మూటగట్టుకుని తిరిగొచ్చాడు. ఇవాళైతే విమానం దిగేలోపే ఆయన కుర్చీ పోయేది. టీవీల్లో కొత్త కోచ్ పేర్లు నడిచేవి.

అప్పుడలా జరగలేదు. మధ్యలో ఒకటి రెండు టోర్నీలకు వేరొకరు వెళ్లినా, జట్టును ఆయనే మళ్లీ చేతుల్లోకి తీసుకుని పెంచాడు. ఇక మీద బూట్లు లేకుండా ఆడటం కుదరదని సమాఖ్య తేల్చింది. నాలుగేళ్లు గడిచాయి. 1956 మెల్‌బోర్న్. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్‌తో ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీస్‌కు వెళ్లాం. సెమీస్‌లో ఎదురైంది ఎవరో తెలుసు కదా? అదే యుగోస్లావియా. సగం ఆట అయ్యాక ముందు గోల్ కొట్టింది మనం. చివరికి 1-4తో ఓడినా, పది గోల్స్ వేసిన జట్టు మీద కాసేపు మనం పైచేయిగా ఉన్నాం. ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 1960 రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1. హంగరీ మీద 1-2తోనే ఓడాం, ఆ మ్యాచ్‌లో మన గోల్ మా సికింద్రాబాద్ అమ్ముగూడ బిడ్డ తులసీదాస్ బలరాం కొట్టాడు. ఆ అమ్ముగూడ మీదుగా ఇప్పటికీ రోజూ బడికి వెళతాను. అక్కడ పుట్టినవాడు హంగరీ మీద గోల్ కొట్టాడని మా పిల్లలకు చెబితే మొదట నమ్మరు.

1962 జకార్తా సంగతి మీకందరికీ తెలుసు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా మీద 0-2. ఆ తర్వాత థాయ్‌లాండ్, జపాన్, దక్షిణ వియత్నాం. ఫైనల్లో మళ్లీ కొరియా. లక్ష మంది జనం, అందరూ మన మీద కోపంతో అరుస్తున్నవాళ్లే. జర్నైల్ సింగ్ డిఫెండర్, తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతణ్ణి ఇంటికి పంపలేదు, వెనక్కి నిలబెట్టనూ లేదు. సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపాడు. జ్వరం నుంచి లేచిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్‌కు మళ్లీ గోల్ అప్పజెప్పాడు. పి.కె. బెనర్జీ ఒకటి, ఆ కుట్ల తలతోనే జర్నైల్ సింగ్ ఒకటి. 2-1. ఇండియా ఫుట్‌బాల్‌కు ఆసియా క్రీడల్లో ఆఖరి బంగారు పతకం అదే. రహీం సాబ్ అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఉన్నారు. తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, వెళ్లిపోయారు.

గోల్ కొట్టేదెవరని మా పిల్లాడు అడిగిన ప్రశ్నే ఆనాడు ఆయన ముందూ ఉంది. ఆయన జవాబు డిఫెన్స్‌లోంచి తీసిచ్చాడు. అలాంటి నిర్ణయం పది రోజుల క్యాంపులో పుట్టదు. రోమ్ నాటి నుంచీ ఆ ఆటగాడితో తిరిగి, అతని గుండె ఎంత, కాలు ఎంత, తల ఎంత అని తెలిసినవాడికి తోస్తుంది. ఆయన అసలు వృత్తి బడిపంతులు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును వరసగా ఐదేళ్లు, 1950 నుంచి 1954 దాకా, రోవర్స్ కప్ గెలిపించినవాడు. పొద్దున చూసిన పిల్లాణ్ణి సాయంత్రం మళ్లీ చూసేవాడు. పంతుళ్లకు ఆ అలవాటుంటుంది.

నాకు ఆట నేర్పిన ఉస్తాద్ కుర్రతనంలో ఆయన కింద ఆడినవాడు. బుధవారం వస్తే మా కుడి బూటు ముందుభాగానికి తడిసున్నం రాసేవాడు. ఆ పూటంతా ఎడమ కాలితోనే ఆడాలి. ఎవరైనా అలవాటుగా కుడికాలితో తన్నితే బాల్ మీద తెల్లమచ్చ పడేది, ఆ పాస్ చెల్లేది కాదు. బలహీనమైన కాలితో మాత్రమే ఆడే పోటీలు, డ్రిబ్లింగ్ లేకుండా పాస్‌లతోనే ఆడే పోటీలు రహీం సాబ్ పెట్టేవారని ఈ ఊళ్లో ఆట తెలిసినవాళ్లంతా చెబుతారు. సున్నం మాత్రం మా ఉస్తాద్ సొంతమే అనుకుంటాను. ఇప్పటికీ బుధవారాలు నేను సున్నం కలుపుతాను. ఆరు నెలలకు గానీ తెల్లమచ్చలు తగ్గవు. ఒక్క కాలు మాట వినడానికే ఆరు నెలలు పట్టే ఆటలో, పదకొండు మందికి ఒకే ఆలోచన రావడానికి ఎన్నేళ్లు పట్టాలో మీరే లెక్కెయ్యండి.

ఇప్పుడు మీ ముందున్న మూడు పేర్లు.

కాన్‌స్టంటైన్ గారి మీద నాకు గౌరవం ఉంది. 2015లో రెండోసారి వచ్చిన కొత్తలో మనం ర్యాంకుల్లో 173లో ఉన్నాం. 2017 జులైకల్లా 96కు తెచ్చారు. 2019 జనవరిలో ఆసియా కప్‌లో థాయ్‌లాండ్‌ను 4-1తో కొట్టిన రాత్రి నేను మా కాలనీలో స్వీట్లు పంచాను. కానీ ఆయన రెండుసార్లు వచ్చి వెళ్లారు. మూడోసారి పిలవడమంటే ముందుకు తోవ తోచక వెనక్కి తిరగడమే అవుతుందని నా భయం. టార్కోవిచ్ గారు స్లొవేకియాను యూరో కప్‌కు తీసుకెళ్లిన మనిషి, కిర్గిజ్‌స్థాన్‌తో పనిచేసి ఆసియా ఆటనూ చూశారు. మంచి కోచే. అయితే ఆయనకు మన ఆటగాళ్ల పేర్లు, క్లబ్బులు, ఊళ్లు, ఎవడు ఏ మాటకు ముడుచుకుపోతాడు, ఎవడు ఏ మాటకు లేస్తాడు, అన్నీ ఒకటో ఎక్కం నుంచి మొదలు. అక్టోబరు 9న సింగపూర్‌లో మ్యాచ్ పెట్టుకుని ఒకటో ఎక్కం చదివే టైమ్ మనకు లేదు.

నా ఓటు ఖాలిద్ జమీల్ గారికి. మనవాడు కాబట్టి అని కాదు. మిజోరం క్లబ్ ఐజ్వాల్‌లో ఆయన చేసిన పని చూసి అంటున్నాను. 2016-17లో, కిందటి సీజన్‌లో జాతీయ క్లబ్ లీగ్ అయిన ఐ-లీగ్ నుంచి కిందికి పడిపోయి ఎలాగో మళ్లీ చోటు దక్కించుకున్న జట్టును తీసుకుని, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, బెంగళూరు ఉన్న లీగ్‌లో ఛాంపియన్‌ను చేశారు. ఈశాన్యం నుంచి ఆ కప్పు గెలిచిన మొదటి క్లబ్ అదే. తర్వాత నార్త్ఈస్ట్ యునైటెడ్‌ను ప్లేఆఫ్స్‌కు తీసుకెళ్లారు. ఐఎస్‌ఎల్‌లో ఆ పని చేసిన తొలి భారతీయ కోచ్. ఈ సీజన్‌లో జంషెడ్‌పూర్‌ను సెమీస్‌కు, సూపర్ కప్ ఫైనల్‌కు చేర్చారు. చేతిలో పెద్ద డబ్బు, పెద్ద పేర్లు లేకుండా, ఉన్నవాళ్లతోనే ఆట కట్టడం ఆయన జీవితమంతా చేసిన పని. ఇండియా కోచ్‌కు కావలసిందీ అదే. జాతీయ కోచ్‌కు ఆటగాణ్ణి కొనుక్కునే వీలుండదు కదా.

హాఫ్‌టైమ్‌లో పదిహేను నిమిషాలుంటాయి. అందులో నీళ్లు తాగి, కట్లు కట్టించుకుని, ఊపిరి తీసుకోగా మాట్లాడటానికి మిగిలేది ఏడెనిమిది నిమిషాలు. ఆ కాసేపట్లో చెప్పింది మనసుకు పట్టాలి. హిందీ వస్తే చాలని కొందరంటున్నారు. మిజో కుర్రాడికి, మణిపురి కుర్రాడికి హిందీ కూడా అంత దగ్గరి భాషేం కాదు. ఐజ్వాల్‌లో, నార్త్ఈస్ట్ యునైటెడ్‌లో ఆ పిల్లల మధ్య సీజన్లు గడిపిన మనిషికి ఏ మాట ఎలా చెప్పాలో తెలిసి ఉంటుంది.

ఆయన ఆట మరీ జాగ్రత్త ఆట అనీ, వెనక కాచుకుని పొడవు పాస్‌లతో లాగిస్తారనీ విమర్శ ఉంది. నిజమే, నాకూ కొన్ని మ్యాచ్‌లు చూస్తుంటే విసుగొచ్చింది. కానీ మంచి ఫార్వర్డ్‌లు లేని జట్లతో ఆయన ఆడిన ఆట అది. ఫార్వర్డ్‌లు ఎందుకు లేరన్నది ఆయన ప్రశ్న కాదు, మీ ప్రశ్న. మన క్లబ్బులు చాలావరకు తొమ్మిదో నంబరు జెర్సీ, అంటే గోల్ ముందుండే ఫార్వర్డ్ చోటు, విదేశీ ఆటగాడికి ఇస్తాయి. మన కుర్రాణ్ణి పక్కకు, వింగ్‌కు నెడతాయి. లీగ్‌లో ఆ చోట ఆడనివాడు ఒక్కసారిగా దేశం తరఫున అక్కడ గోల్ కొట్టాలంటే ఎలా కొడతాడు? షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్ ఇంగ్లండ్‌లో పుట్టి పెరిగిన హంజా చౌధురిని దింపినప్పటి నుంచి మనమూ విదేశాల్లో పుట్టిన మనవాళ్లను తెచ్చుకోవాలని చర్చ మొదలైంది. తెస్తే తేండి. అయినా నా గ్రౌండ్‌లో ఉన్నవాళ్ల సంగతి అలాగే ఉంటుంది.

ఇంకో మాట. ఈ నెల 11న ఐఎస్‌ఎల్ తర్వాతి సీజన్‌ను ఆపిపెట్టారు. సమాఖ్యకు, లీగ్ నడిపే సంస్థకు మధ్య ఒప్పందం డిసెంబరులో ముగుస్తుంది, కొత్తది కుదరలేదు. ఆటగాళ్లకు ఎప్పుడు ప్రాక్టీస్ మొదలవుతుందో తెలియదు. మీరు ఎంచుకునే కోచ్ అడుగుపెట్టేది ఇలాంటి ఇంట్లోకి. ఆడని కాళ్లను ఆయన చేతుల్లో పెట్టి ఫలితం చూపించమనడం అన్యాయం. లీగ్ సంగతి తేల్చండి, లేదా తేలేదాకా ఆయన్ని నిందించకుండానైనా ఉండండి.

సరిగ్గా ఈ నెలలోనే మన ఆడపిల్లలు ఏం చేశారో చూశారు కదా. జులై 5న చియాంగ్ మాయ్‌లో థాయ్‌లాండ్‌ను వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించి 2026 ఆసియా కప్‌కు వెళ్లారు. రెండు గోల్సూ సంగీతా బాస్ఫోర్. ఆ జట్టులో మా నిజామాబాద్ జిల్లా బిడ్డ గుగులోత్ సౌమ్య ఉంది. కోచ్ క్రిస్పిన్ ఛెత్రి, భారతీయుడు. ఆ జట్టు గురించి నెల కిందట ఎవరూ మాట్లాడలేదు. మా బడిలో అమ్మాయిలు తొమ్మిది మంది ప్రాక్టీస్‌కు వచ్చేవాళ్లు. థాయ్‌లాండ్ మ్యాచ్ తర్వాతి సోమవారం పదిహేడు మంది వచ్చారు. బూట్లు చాలక ఇద్దరు చెరో కాలికి ఒకటి వేసుకుని ఆడారు.

అందుకే నేను అడిగేది. ఎవర్ని ఎంచినా ఆయనకు ఇదొక్కటే పని అయి ఉండాలి. క్లబ్బుతో ఒప్పందం ఉంటే ముందు అది తెగాకే సంతకం పెట్టించండి. ఖాలిద్ గారికి జంషెడ్‌పూర్ ఉంది, ఆ ముడి ఆలస్యంగా విప్పుదామని మాత్రం అనుకోకండి. విండో లేని నెలల్లో ఆయన ఢిల్లీలో కూర్చోకుండా సంతోష్ ట్రోఫీకి, ఐ-లీగ్‌కు, అండర్-17 మ్యాచ్‌లకు తిరగాలి. ఆ తిరుగుడుకు ఖర్చు మీరు పెట్టాలి. అండర్-23 దగ్గరున్న నౌషాద్ మూసా గారు, చిన్న జట్లు చూసే బిబియానో ఫెర్నాండెజ్ గారు, ఈయన, ముగ్గురూ ఏడాదికి నాలుగుసార్లయినా ఒకే బల్ల ముందు కూర్చుని ఒకే ఆట గురించి మాట్లాడుకోవాలి. పద్దెనిమిదేళ్లవాడు పై జట్టుకు వెళ్లినప్పుడు ఆట కొత్తగా నేర్చుకోవాల్సిన పని ఉండకూడదు.

అన్నిటికన్నా ముఖ్యం, కాలం. ఒలింపిక్స్ నుంచి ఒలింపిక్స్‌కు నాలుగేళ్లు. హెల్సింకీ నుంచి మెల్‌బోర్న్‌కు పట్టింది అంతే. ఆ నాలుగేళ్లు ఈయనకూ ఇవ్వండి. ఏడాది తర్వాత చూద్దాం, ఫలితాలు బాగుంటే పొడిగిద్దాం అనే ఒప్పందం వద్దు. అలా పెట్టుకుంటే కోచ్ ప్రతి మ్యాచ్‌ను తన ఉద్యోగం కోసం ఆడతాడు. ఇరవై ఏళ్ల కుర్రాణ్ణి దింపడానికి జంకి, ముప్పై నాలుగేళ్లవాణ్ణే మళ్లీ పిలుస్తాడు. మార్చిలో మనం చూసింది అదే. ఛెత్రి గొప్పవాడు, ఆ విషయంలో నాకు రెండో మాట లేదు. కానీ ఆయన తర్వాత ఎవరన్నది తేల్చడానికి భయపడ్డాం.

ఆసియా కప్ క్వాలిఫయర్స్‌లో రెండు మ్యాచ్‌లు ఆడి ఒక్క పాయింటుతో గ్రూపు అడుగున ఉన్నాం. ఒక్క జట్టే పైకి వెళుతుంది. అక్టోబరు 9న సింగపూర్‌లో, 14న మన గడ్డ మీద సింగపూర్‌తోనే మళ్లీ. తర్వాత ఢాకా, తర్వాత హాంకాంగ్. కొత్త కోచ్‌కు దొరికేది రెండు నెలలు. గెలవాలని నేనూ కోరుకుంటాను, ఆ రెండు రాత్రులూ పిల్లల్ని మా ఇంట్లో టీవీ ముందు కూర్చోబెట్టి చూపిస్తాను. కానీ గెలవకపోవచ్చు. ఆ మాట ఇప్పుడే, గెలుపోటములు తెలియకముందే, మీ గదిలో గట్టిగా అనుకోండి. ఓడినా ఈయన ఉంటారని సంతకం రోజే దేశానికి చెప్పండి. ఆ తర్వాత టీవీల్లో ఎంత గోల జరిగినా ఆ మాట మీద నిలబడండి.

అక్టోబరు 15 బుధవారం. ఆ పొద్దున కూడా నేను సున్నం కలుపుతాను, పిల్లలు వరసగా కుడికాలు చాపుతారు. ఎవడో ఒకడు అడుగుతాడు, సార్, మన కోచ్ ఉన్నారా, మళ్లీ మార్చేశారా అని. ఉన్నారు, నువ్వు ఎడమకాలు చూసుకో అని చెప్పే వీలు నాకివ్వండి.

ఇట్లు,
సికింద్రాబాద్ నుంచి ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు
2025 జులై చివరి వారం